ఛార్జర్ రంధ్రం, వేలిముద్ర తాళం



ఈ రోజు స్టూడియోకి వస్తూ మా ఇంట్లో అటక మీద ఉన్న గుడ్డసంచి ఒకటి పట్టుకొచ్చాను. దాన్ని ఇలా బల్ల మీద కుమ్మరిస్తున్నాను, చూడండి. అన్నీ ఛార్జర్లే. ఇది నోకియా లావు పిన్ను. పక్కన ఉన్నది సన్న పిన్ను. ఒకప్పుడు పెళ్లింట్లో అడుగుపెడితే చాలు, "సన్న పిన్ను ఎవరి దగ్గరైనా ఉందా?" అన్న కేక వినబడేది. ఈ వెడల్పాటిది ఐపాడ్‌ది, 30 పిన్నులు ఉంటాయి. ఇది మైక్రో యూఎస్‌బీ. ఇది లైట్నింగ్. చివరిది టైప్-సి. వీటిలో ప్రస్తుతం మా ఇంట్లో వాడుతున్నది ఈ చివరిదొక్కటే. మిగిలినవి పాడైపోలేదు. వాటికి సరిపోయే ఫోన్లు వెళ్లిపోయాయి, అంతే.

మీరు రేపు కొనబోయే ఫోన్లో రెండు నిర్ణయాలు మీకంటే ముందే ఎవరో చేసి ఉంటారు. కింది అంచున ఉండే చిన్న రంధ్రం ఏ ఆకారంలో ఉండాలనేది ఒకటి. ఆ ఫోన్ మిమ్మల్ని వేలితో గుర్తుపట్టాలా, ముఖంతోనా, అంకెలతోనా అనేది రెండోది. ప్రకటనల్లో కెమెరా గురించి పేజీ నింపుతారు. వీటికి చెరో వాక్యం దక్కితే గొప్ప. నిజానికి ఫోన్ మీ దగ్గర ఉన్నన్నాళ్లూ మీకు రోజూ పని పడేది ఈ రెండింటితోనే. అందుకని ఈనాటి ప్రసంగంలో వీటి గురించి మాట్లాడుకుందాం.

ముందు రంధ్రం సంగతి. 1990ల మొదట్లో కంప్యూటర్ వెనక్కి వెళ్లి చూస్తే కీబోర్డుకు ఒక గుండ్రటి సాకెట్, ప్రింటర్‌కు 25 పిన్నుల పొడవాటి సాకెట్, మోడెమ్‌కు ఇంకొకటి కనిపించేవి. ఇవన్నీ తీసేసి ఒకే రకం పెట్టలేమా అన్న ఆలోచనతో ఇంటెల్‌లో పనిచేసిన ఇంజనీర్లలో ప్రముఖుడు అజయ్ భట్. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. ఇతర కంపెనీలతో కలిసి తయారుచేసిన యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది.

దాని మీద మనందరికీ ఉన్న ఫిర్యాదు మీకు తెలుసు. ఒకసారి పెడితే దూరదు, తిప్పి పెడితే దూరదు, మళ్లీ మొదటిలాగే పెడితే దూరుతుంది! రెండు వైపులా పట్టేలా చేసి ఉండవచ్చు కదా అని భట్‌ను అడిగారు కూడా. అలా చేస్తే తీగలూ సర్క్యూట్లూ రెట్టింపవుతాయి, ఖర్చు పెరుగుతుంది అన్నది ఆయన జవాబు. ఆలోచిస్తే అది న్యాయమైన జవాబే. ఆ రోజుల్లో ఏ తయారీదారూ దీన్ని తప్పక పెట్టుకుంటాడన్న నమ్మకం లేదు. చవకగా ఉంటేనే పెట్టుకుంటాడు. మనం ఇరవై ఏళ్లు పడిన చిరాకు ఆ రోజు కొన్ని పైసల లెక్కలో తేలిపోయిందన్నమాట.

రెండు వైపులా పట్టే టైప్-సి ప్రమాణం 2014 ఆగస్టులో వచ్చింది. పైన 12, కింద 12, మొత్తం 24 స్పర్శ బిందువులు. తలకిందులు చేసినా విద్యుత్తు, నేల తీగలు ఉండాల్సిన చోటే ఉండేలా అమర్చారు. ఏ వైపు పెట్టామో కనిపెట్టడానికి విడిగా రెండు బిందువులున్నాయి. వాటి మీద ఉన్న నిరోధకాన్ని బట్టి, ఇటు ఉన్నది ఇచ్చేదా పుచ్చుకునేదా, ఎంత కరెంటు లాగవచ్చు అన్నది పరికరాలు తేల్చుకుంటాయి.

ఇక చర్చకొద్దాం. 2009 నాటికి ఐరోపాలో 30కి పైగా రకాల ఫోన్ ఛార్జర్లు ఉండేవి. ఐరోపా కమిషన్ కంపెనీలను కూర్చోబెట్టి, మైక్రో యూఎస్‌బీకి రమ్మని స్వచ్ఛంద ఒప్పందం చేయించింది. ఆపిల్ కూడా సంతకం పెట్టింది కాని, ఫోన్ రంధ్రం మార్చకుండా మధ్యలో తగిలించే అడాప్టర్‌తో సరిపెట్టింది. పైగా 2012లో లైట్నింగ్ అనే కొత్తది తెచ్చింది. చివరికి ఐరోపా సమాజం 2022లో చట్టమే చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, తీగతో ఛార్జ్ అయ్యేవైతే టైప్-సి ఉండాలి. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. పారేసిన, వాడని ఛార్జర్ల వల్ల ఏటా 11,000 టన్నుల చెత్త పోగవుతోందని కమిషన్ అంచనా. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 టైప్-సితో వచ్చింది. మన దేశంలో 2022 నవంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ జరిపిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి మేలన్న ఏకాభిప్రాయం కుదిరింది. చవక ఫీచర్ ఫోన్ల సంగతి వేరుగా చూడాలన్న మాటా వచ్చింది. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ టైప్-సికి ప్రమాణం ప్రకటించింది.

"చట్టం పెడితే కొత్తదనం చచ్చిపోతుంది" అన్నది ఆపిల్ వాదన. తరగతిలో దీన్ని ఎవరైనా ఎత్తితే నవ్వి కొట్టిపారేయకండి. 2009లోనే మైక్రో యూఎస్‌బీని చట్టం చేసి ఉంటే టైప్-సి రావడం ఆలస్యమయ్యేదేమో అన్న ప్రశ్నలో పస ఉంది. అయితే ఐరోపా చట్టంలో ప్రమాణాన్ని కాలాన్ని బట్టి మార్చుకునే వీలు ఉంచారు. ఇంకో సంగతి, లైట్నింగ్ ఐఫోన్లలో పదకొండేళ్లు ఉంది; ఆ పదకొండేళ్లూ సమాచార వేగం 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2.0 స్థాయి దగ్గరే, అంటే సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే ఆగింది. స్వేచ్ఛ ఉన్నప్పుడు కొత్తదనం ఏమైందని అడగడం తప్పు కాదు కదా. నా ఓటు ఉమ్మడి రంధ్రానికే.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఆకారం ఒకటైతే లోపల కూడా ఒకటే అనుకోకండి. ఇవిగో, చూడటానికి కవలల్లా ఉన్న రెండు టైప్-సి తీగలు. ఒకటి ఆ పాత 480 మెగాబిట్లే మోస్తుంది, రెండోది సెకనుకు 40 గిగాబిట్లు. 2021లో సవరించిన ప్రమాణం ప్రకారం ఈ రంధ్రం గుండా 240 వాట్ల దాకా పంపవచ్చు, కాని అందుకు తగిన తీగ కావాలి. 2015లో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సి తీగలు కొని పరీక్షించడం మొదలుపెట్టాడు. పాత ఛార్జర్‌కు తగిలించే తీగల్లో 56 కిలో ఓమ్‌ల నిరోధకం ఉండాలి. చాలావాటిలో 10 కిలో ఓమ్‌లది పెట్టారు. దాన్ని చూసి ఫోన్, ఎదుట 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ ఉందని నమ్మి, పాపం ఆ పాత ఛార్జర్ నుంచి మోయలేనంత లాగబోతుంది. 2016లో తీగలే తారుమారుగా కలిపిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌ను అక్కడికక్కడే చెడగొట్టింది.

ఇవి నష్టాలే. కాని ఇలాంటి నష్టాలన్నీ చివరికి కొత్త తీగతోనో, కొత్త పరికరంతోనో పూడతాయి. రెండో నిర్ణయం దగ్గర ఆ వెసులుబాటు లేదు. అందుకే దాని మీద ఎక్కువసేపు ఉంటాను.

వేలిముద్రల శాస్త్రంలో మన దేశానికి పాత చుట్టరికం ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక ఒప్పంద పత్రం మీద గుత్తేదారు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. అక్కడ ముద్రలను వర్గీకరించే లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల కృషి ఉంది. ఆ పద్ధతికి పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీది!

ఫోన్ చేసే పని ఏమిటి? మీ వేలి మీద గట్లూ కాలువలూ ఉన్నాయి. గాజు కింద ఉన్న సన్నని విద్యుత్ పలకలకు గట్టు దగ్గరగా, కాలువ దూరంగా ఉంటుంది కాబట్టి చోటుచోటుకీ కెపాసిటెన్స్ మారుతుంది. ఆ తేడాల నుంచి గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది వంటి గుర్తులు తీసి పోలుస్తారు. కాంతితో, అతిధ్వనితో చూసే సెన్సర్లూ ఉన్నాయి. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఇక్కడ జవాబు "అవును, కాదు" అని ఖచ్చితంగా రాదు, "చాలావరకు సరిపోయింది" అని వస్తుంది. పాస్‌వర్డ్‌కు ఆ ఇబ్బంది లేదు. ఎంత సరిపోతే చాలు అన్న గీత ఎక్కడ గీయాలో తయారీదారే నిర్ణయిస్తాడు. గీత కిందికి దించితే పరాయివాడు దూరతాడు, పైకెత్తితే సొంతదారు బయట నిలబడతాడు.

ఆపిల్ చెప్పిన లెక్క ప్రకారం పరాయి వేలు టచ్ ఐడిని తెరిచే అవకాశం 50,000లో ఒకటి, పరాయి ముఖం ఫేస్ ఐడిని తెరిచే అవకాశం 10 లక్షల్లో ఒకటి. కవలలకూ, పోలికలు కలిసిన తోబుట్టువులకూ, చిన్నపిల్లలకూ ఈ రెండో లెక్క వర్తించదని ఆ సంస్థే చెబుతుంది. 2019లో ఒక విచిత్రం జరిగింది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 ఫోన్ మీద ఒక రకం సిలికాన్ తొడుగు వేస్తే ఎవరి వేలికైనా తెరుచుకుంది! తొడుగు మీది నమూనానే సెన్సర్ వేలిముద్రగా చదివింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరించింది.

ఇవన్నీ అనుకోకుండా జరిగేవాటి లెక్కలు. కావాలని చేసేవాడి సంగతి వేరు. 2013 సెప్టెంబరులో టచ్ ఐడి ఫోన్ అమ్మకానికి వచ్చిన కొద్దిరోజులకే, గాజు మీద పడిన ముద్రను ఫోటో తీసి, పల్చని నకలు వేలు చేసి, జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వారు దాన్ని తెరిచి చూపించారు. మనకు దగ్గర ఉదాహరణే ఉంది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, అంతర్జాలంలో అందుబాటులో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి రైతుల వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల్లా నకళ్లు చేసి, వేల సిమ్‌లను చెలామణీలోకి తెచ్చినట్లు బయటపడింది. ఆ ముద్రలు వేసినవారు ఏ తప్పూ చేయలేదు. పొలం కొన్నారు, అమ్మారు, వేలు వేయమన్నచోట వేశారు.

పాస్‌వర్డ్ దొంగిలిస్తే మారుస్తాం. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు చోరీ అయ్యాయి. వాళ్లేం మార్చుకోవాలి?

కాబట్టి కొత్త పరికరం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత వేగంగా తెరుచుకుంటుంది" అన్నది కాదు, "నా గుర్తులు ఎక్కడ ఉంటాయి" అన్నది. మంచి ఫోన్లలో అవి లోపలే, మిగతా భాగాలకు అందని ప్రత్యేక అరలో ఉంటాయి. బ్యాంకు యాప్ అడిగినా ఆ అర "సరిపోయింది, సరిపోలేదు" అని మాత్రమే చెబుతుంది. ఆధార్ నిర్మాణం దీనికి భిన్నం. పది వేళ్లు, రెండు కనుపాపలు, ముఖం వివరాలు ఒక కేంద్రంలో ఉంటాయి. అందువల్ల దాని రక్షణా వేరే రకంగా ఉండాలి. ఆధార్‌లో మీ బయోమెట్రిక్‌లకు మీరే తాళం వేసుకునే సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. హాజరు యంత్రం, తలుపు తాళం, చేతి గడియారం అంటూ ప్రతిదీ వేలు అడిగే రోజుల్లో, చవక యంత్రం ఒకటి ఆ గుర్తుల్ని ఏ దేశపు సర్వర్‌కు పంపుతుందో అడగకపోతే ఎవరూ చెప్పరు.

మా పెద్దక్క సంగతి చెబుతాను. నలభై ఏళ్లు మిరప కోతలకు, కలుపులకు వెళ్లిన చేయి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. కొడుకు ఫోన్ కొనిచ్చాడు. ఏ వేలు పెట్టినా ఒప్పుకోదు. "నా ఫోను నన్నే గుర్తుపట్టదేంట్రా?" అని నాతో అంది. ఇంట్లో వాళ్లు చేసిన పరిష్కారం ఏమిటంటే, మనవడి బొటనవేలు నమోదు చేశారు. ఫోనూ, అందులో పింఛను డబ్బు పడే ఖాతా యాప్ కూడా వాడి వేలికే తెరుచుకుంటున్నాయి. పిల్లవాడు మంచివాడే. కాని డబ్బు ఆమెది, తాళం వాడిది.

పొరపాటున పరాయివాడు దూరడం గురించి పత్రికలు రాస్తాయి. సొంతదారు బయట నిలబడటం గురించి అంతగా రాయరు, ఎందుకంటే బయట నిలబడేవాళ్లు కూలీలు, వృద్ధులు, అంట్లు తోమే చేతులవాళ్లు.

ఫోన్ ఆపి మళ్లీ వేస్తే వేలు చాలదంటుంది, అంకెలు అడుగుతుంది. ఎందుకో గమనించారా? లోపలి సమాచారాన్ని గుప్తలిపిలో దాచే తాళంచెవి మీ అంకెల సాయంతోనే తయారవుతుంది. వేలు ఆ తర్వాత సౌకర్యానికి మాత్రమే. నాలుగంకెలైతే 10,000 రకాలు, ఆరంకెలైతే 10 లక్షలు.

మీ తరగతిలో చర్చకు ఒక అంశం ఇస్తున్నాను. రేపు అసలు రంధ్రమే లేని ఫోన్ వస్తే ఒప్పుకుంటారా? తీగలేని ఛార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. ఐరోపా చట్టం తీగతో ఛార్జ్ అయ్యేవాటికే కాబట్టి అలాంటి ఫోన్‌ను అది ఆపదు. తెర పగిలి వేలు పెట్టే చోటే పోయినప్పుడు లోపలి ఫోటోలు దేనిగుండా తీస్తారో కూడా ఆలోచించి మరీ వాదించండి.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు అక్క ఫోన్లో మనవడి వేలు తీసేశాం. ఆరంకెలు తనే పెట్టుకుంది. కళ్లజోడు పెట్టుకుని, నన్ను అటు తిరగమని, రెండుసార్లు నొక్కింది. ఏ అంకెలో నాకు చెప్పలేదు.