ముందు వరుసలో ఎవరిని నిలబెట్టాలి?

(సంఘం వార్షికోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ‘ఆదివాసీ బిడ్డలు – ఆటలు’ అనే అంశం ఇచ్చారు. ఈ అంశం మీద మైకు అందిస్తే మనందరం ఒకే మాట చెబుతాం. మన పిల్లలు కొండలెక్కిన కాళ్లతో బాగా పరుగెత్తుతారు, విల్లు పడతారు, అవకాశం ఇస్తే పతకాలు తెస్తారు అంటాం. అది నిజమే. కానీ ఈ రోజు నేను పరుగెత్తలేని పిల్లల గురించి మాట్లాడదామని వచ్చాను. అందుకోసం దక్షిణాఫ్రికా రగ్బీ జట్టును తోడు తెచ్చుకున్నాను. ఈ మేడం ఎక్కడ, రగ్బీ ఎక్కడ అని నవ్వుకుంటున్నారు కదా. ఎలా పరిచయమైందో ముందు అది చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నా హాస్టల్లో ఒక అమ్మాయి ఉండేది. ఎనిమిదో తరగతికే నాకంటే పొడుగు, నాకంటే బరువు. తోటి పిల్లలు ఆమెకో పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ చెప్పను. రేషన్ వచ్చిన రోజు బియ్యం బస్తాలు స్టోర్‌లో పెట్టాలంటే ఆ అమ్మాయినే పిలిచేవాళ్లం. గ్యాస్ సిలిండర్ జరపాలన్నా ఆమే. ఆటల పోటీలకు జట్టు కట్టేటప్పుడు మాత్రం చురుగ్గా ఉన్నవాళ్లనే ఏరుకునేవాళ్లం. కబడ్డీకి, ఖోఖోకి, పరుగుపందేనికి అందరూ సన్నగా, వడిగా ఉండే పిల్లలే. ఈ అమ్మాయి చేతికి మంచినీళ్ల సీసాలు, మిగతావాళ్ల చెప్పులు ఇచ్చి గట్టు మీద కూర్చోబెట్టేదాన్ని. ఆ పని చేసింది వేరెవరో కాదు, నేనే.

పది పాసయ్యాక ఆమె ఒడిశాలో ఉన్న వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లి, అక్కడే చదువులో చేరింది. ఒక సంక్రాంతికి ఊరొచ్చి నన్ను చూడటానికి హాస్టల్‌కి వచ్చింది. వరండాలో నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో ఆట పెట్టింది. ‘మేడం, నేను రగ్బీలో మూడో నంబర్’ అంది. మూడో నంబర్ అంటే ఏంటమ్మా అని అడిగాను. ‘నేను వంగిపోతే మా వాళ్లందరూ వంగిపోతారు మేడం’ అంది. ఆ తరువాత ఇంకో మాట కూడా అంది. అది చివర్లో చెబుతాను.

ఆ రోజు ఆమె చూపించింది 2019 ప్రపంచ కప్ ఫైనల్. అప్పటి నుంచి నేనూ కూర్చుని చూడటం మొదలుపెట్టాను. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కదా, ఎవరిని ఎందుకు ఎంపిక చేశారన్నదే నాకు ఆసక్తి.

మన తల్లులకు అర్థమయ్యేలా చెబుతాను. రగ్బీలో బంతి చేతి నుంచి ముందుకు జారిపోతే ఆట ఆపి, మళ్లీ మొదలుపెట్టడానికి స్క్రమ్ పెడతారు. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది. మన ధింసాలో చేతులు వెనక నుంచి ఒకరి నడుం మీదుగా ఒకరు ఎలా పెనవేసుకుంటామో, అలాగే గట్టిగా పట్టుకుంటారు. ముందు ముగ్గురు, వాళ్ల వెనక ఇద్దరు, ఆ వెనక ముగ్గురు. రిఫరీ ‘క్రౌచ్, బైండ్, సెట్’ అని మూడు మాటలు చెప్పగానే రెండు వైపుల ముందు వరుసలూ భుజాలు ఆనించి తోసుకుంటాయి. అంతర్జాతీయ జట్లలో ఒక్కో వైపు ఎనిమిది మంది బరువు కలిపితే 900 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువంతా ముందున్న ముగ్గురి మెడల మీద, వెన్నుల మీద నుంచే పోవాలి.

ఆ ముగ్గురిలో ఒకటో నంబర్ ఎడమ పక్కన ఉంటాడు. అతన్ని లూజ్‌హెడ్ అంటారు. అతనికి ఒక భుజం బయటికి ఖాళీగా ఉంటుంది. మూడో నంబర్ కుడి పక్కన ఉండే టైట్‌హెడ్. అతని తల ఎదుటి ఇద్దరి మధ్యలో ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా బరువు పడుతుంది. మధ్యలో రెండో నంబర్ హుకర్. తోస్తూనే కాలితో బంతిని వెనక్కి లాగాలి. బంతి గీత దాటి బయటికి పోయినప్పుడు, లోపలికి గురి చూసి విసిరేది కూడా అతనే.

మన ఊళ్లలో దుక్కికి ఎద్దుల్ని కట్టేటప్పుడు ఏం చూస్తాం? ఎంత బలంగా ఉన్నా, దాపటికి అలవాటు పడ్డ ఎద్దును ఎలపటికి కడితే చాలు సరిగ్గా సాగదు. జత కూడా కుదరాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే కాడి ఒరిగిపోతుంది. ముందు వరుస ఎంపిక కూడా అదే. ఒకటో నంబర్‌లో బాగా ఆడేవాడు మూడో నంబర్‌లో ఆడలేకపోవచ్చు. అందుకే రెండు వైపులా ఆడగలిగినవాణ్ని కోచ్‌లు వదులుకోరు. ఒక మ్యాచ్‌కి తీసుకునే 23 మందిలో ముందు వరుసకే ఆరుగురు ఉండాలి, మూడు స్థానాలకూ తలా ఒక మారు మనిషి. శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెట్టకూడదని నియమం. అర్హులు మిగలకపోతే ఇక తోపులాట లేని స్క్రమ్‌లే పెడతారు. ఎందుకంటే అక్కడ తేడా వస్తే పోయేది ఆట కాదు, మెడ.

2019 నవంబర్ 2న జపాన్‌లోని యొకొహామాలో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ ఫైనల్ ఆడాయి. దక్షిణాఫ్రికా కోచ్ రాసీ ఎరాస్మస్ మొదట దింపిన ముందు వరుస టెండాయ్ మ్తవరీరా, బొంగీ ఎంబొనాంబి, ఫ్రాన్స్ మాల్హెర్బే. బెంచీ మీద స్టీవెన్ కిట్షోఫ్, మాల్కం మార్క్స్, విన్సెంట్ కోచ్ అని ఇంకో ముగ్గురు. ఆ ముగ్గురూ ఏ దేశంలోనైనా మొదటి జట్టులో ఉండదగ్గవాళ్లే. మామూలుగా ఎనిమిది మంది బెంచీలో ఐదుగురు ఫార్వర్డ్‌లను పెడతారు. ఎరాస్మస్ ఆరుగుర్ని పెట్టాడు. ముందు ముగ్గురు ఎదుటివాళ్లను అలసిపోయేలా చేస్తే, తరువాత వచ్చే ముగ్గురు కొత్త బలంతో తోస్తారు. ఆ బెంచీకి ‘బాంబ్ స్క్వాడ్’ అని పేరొచ్చింది.

ఆట మొదలైన మూడు నిమిషాలకే ఇంగ్లండ్ మూడో నంబర్ కైల్ సింక్లర్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లిపోయాడు. డాన్ కోల్ వచ్చాడు. ఎంతో అనుభవం ఉన్నవాడే. కానీ ఇక అతని వెనక ఎవరూ లేరు. మిగతా ఆటంతా అతనే మోయాలి. అతని ఎదురుగా మ్తవరీరా. స్క్రమ్ తరువాత స్క్రమ్ ఇంగ్లండ్ వెనక్కి పోయింది, పెనాల్టీలు వచ్చాయి. హాండ్రే పొలార్డ్ వాటిని గోల్‌లోకి తన్నాడు. దక్షిణాఫ్రికాకు కూడా ఇరవై నిమిషాలకే హుకర్ ఎంబొనాంబి దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. కానీ అక్కడ మార్క్స్ సిద్ధంగా ఉన్నాడు. 32-12తో కప్పు గెలిచారు. పేపర్లో పొలార్డ్ 22 పాయింట్లు అని వస్తుంది. ఆ పెనాల్టీలు తెచ్చిన మెడల గురించి స్కోరు పట్టికలో ఉండదు.

ఆ మ్తవరీరా గురించి నా పిల్లలకు తప్పకుండా చెబుతాను. 1985లో జింబాబ్వేలోని హరారేలో పుట్టాడు. చిన్నప్పుడు ఒళ్లు చూసి ‘బీస్ట్’ అన్నారు, అంటే మృగం. దక్షిణాఫ్రికాలో డర్బన్ జట్టుకి వచ్చినప్పుడు అతను వెనక వరుసలో ఆడేవాడు. కోచ్ డిక్ మ్యూర్ అతన్ని ముందు వరుసకి మార్చాడు. 2009లో డర్బన్‌లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ మీద, ప్రపంచ కప్ గెలిచిన ఫిల్ వికరీని స్క్రమ్‌లో నిలవనివ్వలేదు. రెండో టెస్టుకి లయన్స్ తమ ముందు వరుసలో ఇద్దర్ని మార్చుకోవాల్సి వచ్చింది. అతను బంతి పట్టుకుంటే చాలు స్టేడియం అంతా ‘బీస్ట్’ అని దీర్ఘం తీసి అరిచేది. చిన్నప్పుడు ఒళ్లు చూసి పెట్టిన పేరు, పెద్దయ్యాక జేజేలుగా మారింది. 117 టెస్టులు ఆడి, ఆ 2019 ఫైనల్‌తోనే దేశపు జెర్సీ విప్పాడు.

ఆ దేశంలో ఒకప్పుడు నల్లవాళ్లకు ఆ జెర్సీ దొరికేది కాదు. వర్ణవివక్ష కారణంగా 1987, 1991 ప్రపంచ కప్పుల్లో దక్షిణాఫ్రికాను ఆడనివ్వలేదు. 1995లో సొంతగడ్డ మీద కప్పు గెలిచిన జట్టులో నల్లజాతి ఆటగాడు ఒక్క చెస్టర్ విలియమ్సే. 2018లో సియా కొలీసీ ఆ దేశపు మొదటి నల్లజాతి టెస్టు కెప్టెన్ అయ్యాడు. 2019 ఫైనల్లో మొదటి పదిహేను మందిలో ఆరుగురు నల్లవాళ్లు. మన పిల్లలకు సీటు వస్తే ‘రిజర్వేషన్’ అని వెనక గొణుగుతారు కదా, అక్కడా ‘కోటా’ అని గొణిగేవాళ్లు. స్క్రమ్‌లో మాత్రం ఆ గొణుగుడు చెల్లదు. ఎదుటివాడు వెనక్కి పోయాడా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది.

ఇక 2023. ఇక్కడ ఎంపిక చేసేవాళ్ల కష్టం చూడండి. ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్ మధ్యలో హుకర్ మార్క్స్‌కి శిక్షణలో మోకాలికి దెబ్బ తగిలింది. బదులుగా ఇంకో హుకర్‌ని పిలుస్తారని ఎవరైనా అనుకుంటారు. వాళ్లు గోల్‌కి తన్నే పొలార్డ్‌ని పిలిచారు. అంటే అసలైన హుకర్ ఎంబొనాంబి ఒక్కడే మిగిలాడు. అతనికేమైనా అయితే డియాన్ ఫోరీ ఉన్నాడు. అతను ఎక్కువగా వెనక వరుసలో ఆడేవాడు, హుకర్ పని కూడా తెలిసినవాడు. దేశం తరఫున మొదటి టెస్టు 35 ఏళ్ల వయసులో ఆడాడు.

సెమీఫైనల్లో ఇంగ్లండ్ 15-6తో ముందుంది. బెంచీ మీద నుంచి ఆక్స్ ఎన్చే వచ్చాక స్క్రమ్ తిరగబడింది. చివరి నిమిషాల్లో స్క్రమ్‌లో దొరికిన పెనాల్టీని పొలార్డ్ దాదాపు సగం మైదానం నుంచి తన్నాడు. 16-15. పొలార్డ్‌ని పిలవడం సరైన నిర్ణయమే అనిపించింది. ఫైనల్లో న్యూజిలాండ్ మీద మొదటి నిమిషాల్లోనే ఎంబొనాంబి మోకాలు దెబ్బతింది. భయపడిందే జరిగింది. 37 ఏళ్ల ఫోరీ వచ్చి మిగతా ఆటంతా ఉన్నాడు. బంతి విసరడంలో తడబాట్లు వచ్చాయి, అయినా నిలబడ్డాడు. 12-11. ఆ పన్నెండు పాయింట్లూ పొలార్డ్ తన్నినవే. గెలిచారు కాబట్టి తెలివైన ఎంపిక అంటున్నాం. ఒక్క పాయింట్ అటు పోయి ఉంటే హుకర్ లేకుండా ఎందుకు వెళ్లారని తిట్టేవాళ్లం. ఎంపిక చేయడమంటే అంతే. ఒకరిని తీసుకున్న ప్రతిసారీ ఇంకొకరిని వదిలేస్తాం, ఆ బాధ్యత మనదే.

ఇదంతా మనకు దూరం అనుకోకండి. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఆదివాసీ పిల్లలు లండన్ వెళ్లి, 14 ఏళ్ల లోపు పాఠశాలల అంతర్జాతీయ రగ్బీ టోర్నీ గెలిచి వచ్చారు. 2019లో భారత మహిళల జట్టు సింగపూర్ మీద పదిహేను మంది ఆటలో తన మొదటి అంతర్జాతీయ విజయం సాధించింది. అందులో చివరి పెనాల్టీ తన్నిన సుమిత్రా నాయక్ కూడా ఒడిశాలో అలాంటి హాస్టల్లో పెరిగిన ఆదివాసీ అమ్మాయే.

తోటి వార్డెన్లకు, పీఈటీలకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఒళ్లున్న పిల్ల కనబడగానే ముందుకు తోసేయకండి. అది కూడా బియ్యం బస్తా మోయించడం లాంటిదే. మెడ, వెన్ను, నడుం బలపడాలి. పట్టు ఎలా పట్టాలో తెలిసిన కోచ్ నేర్పాలి. 19 ఏళ్ల లోపు వాళ్ల స్క్రమ్‌లో మీటరున్నర మించి తోయకూడదని నియమం పెట్టింది పిల్లల మెడలు కాపాడటానికే. నేర్పే మనిషి లేకపోతే ఆ ఆట పెట్టొద్దు. షాట్‌పుట్ ఉంది, డిస్కస్ ఉంది, వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. ఆ పిల్లకు సరిపోయే ఆట వెతకడం మన పని.

ఇప్పుడు నా హాస్టల్లో ఆటలకు ఎంపిక చేసేటప్పుడు గట్టు మీద మిగిలిపోయిన పిల్లల పేర్లు కూడా ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఒక్కో పేరు ఎదురుగా ఆమెకు ఏం వచ్చో రాయాలి. మొదటి నెల ఐదు పేర్ల ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. వాళ్లకు ఏమీ రాదని కాదు, నేను చూడలేదు. సిలిండర్లు కూడా ఇప్పుడు ఏజెన్సీ మనిషి చేతే లోపల పెట్టిస్తున్నాను.

ఆ సంక్రాంతికి ఆ అమ్మాయి అన్న రెండో మాట చెప్పి ముగిస్తాను. లేచి వెళ్లబోతూ, నవ్వుతూనే అడిగింది. ‘మేడం, బస్తాలు మొయ్యడానికి నేను గుర్తొచ్చేదాన్ని కదా, జట్టుకి ఎందుకు గుర్తు రాలేదు?’ అంది. నా దగ్గర జవాబు లేదు. టీ తాగి వెళ్లమన్నాను. ఈ రోజు ఆమె ఈ సభకు రాలేదు, అక్కడ క్యాంపులో ఉంది. అందుకే మీ అందరి ముందు చెబుతున్నాను. తప్పు నాదేనమ్మా.

మీ ఇంట్లో, మీ బడిలో గట్టు మీద కూర్చున్న పిల్ల ఎవరో ఈ రాత్రి ఒకసారి తలుచుకోండి. సెలవు. జోహార్.