పడకపుండు - పాత అలవాటు

మన దేశంలో వృద్ధులకు ప్రత్యేక వైద్య విభాగం మొదట ఏర్పడింది చెన్నైలోనే. 1978లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ దానికి శ్రీకారం చుట్టారు. అయితే మంచం పట్టిన పెద్దలను రేయింబవళ్లు కనిపెట్టుకునేది వృద్ధాశ్రమాల్లోని ఆయాలే.

నడుము దగ్గర చర్మం ఎర్రబడితే గట్టిగా రుద్దడం చాలాచోట్ల పాత అలవాటు. అలా రుద్దితే చర్మం కింద కండ మరింత దెబ్బతినవచ్చునని వైద్య మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. వేళకు అటూ ఇటూ ఒత్తిగిలేలా పడుకోబెట్టి, ఆ చోట బరువు పడకుండా చూడడమే మేలు.

ఇది ఒక్క ఉపన్యాసంతో ఒంటబట్టదు. నర్సు పక్కన నిలిచి చేసి చూపాలి. ఎందుకో చెప్పాలి. మంచం దగ్గర వేళల పట్టిక ఉంచాలి. పుండు కనిపించిందని ఆయా చెబితే తిట్టకూడదు. తిడితే దాస్తుంది, పుండు ముదురుతుంది.

చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల సోదర సోదరీమణులారా! మీ పెద్దలను చెన్నై ఆశ్రమంలో చేర్చేముందు ఆ పట్టిక చూపమని అడగండి.