కళాశాల విడిచిన కాలిబంతి యాటగాండ్రు

ముప్పదియైదేండ్లు బాలురకు వ్యాకరణమును, కావ్యములను చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు బంతియాటను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. బంతి సంగతి నాకు చూచినంతమట్టునకే తెలియును. కాని చదువు నడుమ లేచిపోవు బాలుని ముఖము నాకు బాగుగ తెలియును. పొలము పనికై లేచిపోయినవారిని, పటాలములో చేరుటకై పోయినవారిని, నాటక సమాజముల వెంట తిరుగబోయినవారిని నా తరగతిలోనే చూచితిని. అమెరికా దేశమున కాలిబంతి యాటకై కళాశాలను నడుమ విడుచు యువకుల వృత్తాంతములను చదువునప్పుడు ఆ ముఖములే నాకు జ్ఞప్తికి వచ్చినవి. మన ఊళ్ల పిల్లలు పెక్కండ్రు ఆ దేశమున కాపురములున్నారు. వారి బిడ్డలు అచ్చటి బడులలో బంతి యాడుచున్నారు. కనుక ఈ సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు.

మొదట అచ్చటి ఏర్పాటును చెప్పెదను. లోకమంతయు ఫుట్‌బాలు అని పిలుచు ఆటను అమెరికావారు సాకర్ అందురు. ఫుట్‌బాలు అను పేరును వారు చేత బట్టుకొని పరుగెత్తు వేరొక యాటకు పెట్టుకొనిరి. అందలి సార్థక్యమును పేరు పెట్టినవారినే యడుగవలయును. ఇంగ్లండు మొదలగు దేశములలో ఆటగాడు బాల్యమునందే ఒక క్లబ్బున చేరి, అచ్చటనే పెరిగి, అచ్చటనే జీతగాడగును. అమెరికాలో విశ్వవిద్యాలయములే చిరకాలము పెద్ద జట్లను పోషించుచు వచ్చినవి. పురుషుల కళాశాల జట్లకు 1959 మొదలును, స్త్రీల జట్లకు 1982 మొదలును జాతీయ కళాశాలా క్రీడాసంఘము వారి పోటీలు జరుగుచున్నవి. చదువు నాలుగేండ్లు. బాగుగ ఆడువానికి విద్యార్థివేతన మిత్తురు.

ఈ విద్యార్థివేతనమును గూర్చి మనవారిలో ఒక భ్రమ కలదు. ఆటగాడైనచో చదువు ఉచితమని తలంతురు. మొదటి శ్రేణికి జేరిన పురుషుల జట్టు ఒక్కొక్కటి 9.9 విద్యార్థివేతనములకు మించి ఈయరాదని చాలకాలము నియమముండెను. స్త్రీల జట్టునకు 14. జట్టులో ఇరువదియైదుగురో, అంతకు మించియో ఉందురు. తొమ్మిదియు, పదింట తొమ్మిది పాళ్లును ఇంతమందికి పంచవలయుననిన, పెండ్లి విందులో నేయి చాలక గరిట కొసతో వడ్డించినట్లుండును. 2025 నుండి క్రొత్త ఏర్పాటులో చేరిన విద్యాలయములకు ఈ లెక్క పోయి, జట్టునందు 28 మందికి మించరాదను నియమము వచ్చినది. కావున, ఉచితముగ దొరకిన చదువును కాలదన్ని పోయెనని బాలుని నిందించువారు, ఆతని తండ్రి ఏటేట ఎంత రుసుము చెల్లించుచుండెనో ముందు విచారింపవలయును.

ఇక ఆ బాలుడేల పోవును? ధనాశ యని ఒక్కమాటలో తేల్చుట తేలిక. కళాశాల యాట ఆగస్టు మాసాంతమున మొదలై డిసెంబరులో ముగియును. ఆ కొలది మాసములలోనే ఇరువది చిల్లర పోటీలు. వృత్తిజట్టు ఫిబ్రవరి మొదలు ఏటి చివరివరకు ఆడును. మేజర్ లీగ్ సాకర్ అను వారి పెద్ద సంఘములో ఒక్కొక్క జట్టునకు కప్పు పోటీలు గాక 34 ఆటలు. మఱియు, కళాశాల యాటలో వెలుపలికి పంపిన వానిని తిరిగి లోనికి పంపుటకు వీలు కలదు; లోకములోని పెద్ద పోటీలయందు అట్టి వీలు లేదు. సంగీతము నేర్చువానిని ఏటికి నాలుగు నెలలు మాత్రమే శ్రుతి పట్టనిచ్చి, నడుమ నడుమ లేచి విశ్రమింపనిచ్చి, పిదప మహాసభలో కూర్చుండబెట్టినచో ఏమగును? ఇరువదిరెండేండ్లకు పట్టము పుచ్చుకొని వెలుపలికి వచ్చునప్పటికి, ఆతని యీడు జర్మనీ బాలుడు నాలుగేండ్లుగా జీతగాండ్ర నడుమ నలిగి ఆరితేరియుండును. చదువు ముప్పదవ యేటనైన చదువవచ్చును. కాలికి ముప్పదవ యేట ఇరువదేండ్లు రావు. ఈ పూర్వపక్షమునకు బలము లేదని నేననజాలను.

ఇట్లు పోవుట నేటి మాట కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయపు జట్టున 1991 మొదలు 1993 వరకు ఆడి, మూడేండ్లును జాతీయ విజయములందిన క్లాడియో రేనా నాల్గవ యేడు నిలువలేదు. 1994లో ప్రపంచ కప్పు పోటీలు అమెరికాలోనే జరిగినవి. ఆ జట్టున చేరి, పిదప జర్మనీలోని బేయర్ లెవర్‌కుసెన్ జట్టునకు బోయెను. అప్పటికి స్వదేశమున అంతటి వృత్తిసంఘము లేకుండెను. మేజర్ లీగ్ సాకర్ ఆటలు 1996లో ఆరంభమైనవి. 1997లో ఆ సంఘమువారును, దేశపు సాకర్ సమాఖ్యవారును కలిసి ప్రాజెక్టు-40 అను ఏర్పాటు చేసిరి. ఏటికి నలువది ఆటలైన యువకునకు దక్కవలయునని దాని యాశయము. పేరు నందుండి వచ్చినది. 2005లో దానికి జెనరేషన్ అడిడాస్ అని పేరు మారెను. జోళ్లు కుట్టు సంస్థ పేరు తరమంతటికి పెట్టుట నాకంతగా రుచింపలేదు గాని, ఆ ఏర్పాటులోని ఒక వాక్యము మాత్రము మిక్కిలి నచ్చినది. కళాశాలను నడుమ విడిచి వచ్చు యువకుని మిగిలిన చదువునకు కావలసిన సొమ్మును వేరుగ నుంచుదుమని ఒప్పందములో వ్రాయుదురు. ఆట సాగక పోయినచో ఆతడు తిరిగి విద్యాలయమునకు బోవచ్చును.

బాలురను జట్లు పంచుకొను సభ ఒకటి 2000 సంవత్సరము నుండి సూపర్‌డ్రాఫ్టు అను పేర జరుగుచున్నది. ఇది మన స్వయంవరమును తలక్రిందులు చేసినట్లుండును. ఇందు వరించువారు జట్లవారు. వరింపబడువాడు ఏ యూరికి బోవలయునో తన నోట చెప్పుకొన వీలు లేదు. మొదట నాలుగేండ్లు నిండినవారును, ముందుగనే ఒప్పందము చేసికొన్నవారును ఇందు ముఖ్యముగ నుండిరి. 2024 ఎంపికనుండి రెండవ, మూడవ యేడు చదువుచున్నవారిని గూడ కోరుకొనవచ్చునని మార్చిరి.

ఇద్దరి కథలు చెప్పెదను. క్లింట్ డెంప్సీ టెక్సాసు రాష్ట్రములోని నాకొడోచెస్ అను చిన్న పట్టణమువాడు. చక్రములపై నిలిపిన చౌక యింట పెరిగినవాడు. మంచి జట్టున ఆడించుటకై తల్లిదండ్రులు ఆతనిని మూడు గంటల దూరమునున్న డాలసు నగరమునకు బండిలో తీసికొని పోవుచుండిరి. దక్షిణ కరోలినాలోని ఫర్మన్ విశ్వవిద్యాలయమున మూడేండ్లు ఆడి, నాల్గవ యేటికి నిలువక, 2004 ఎంపికలో ఎనిమిదవవాడుగ న్యూ ఇంగ్లండ్ జట్టున చేరెను. ఆ యేడే క్రొత్తవారిలో ఉత్తముడనిపించుకొనెను. 2007లో లండనులోని ఫుల్హాము జట్టునకు బోయెను. 2006, 2010, 2014 సంవత్సరముల మూడు ప్రపంచ కప్పులలోను గోలు చేసెను. 2018లో ఆట చాలించునాటికి దేశము పక్షమున చేసినవి 57 గోళ్లు; అమెరికా పురుషులలో అంతకు మించినవాడు అప్పటికి లేడు, సమానుడు లాండన్ డొనొవాన్ ఒక్కడే.

రెండవవాడు జోర్డన్ మారిస్. సియాటిల్ నగరమువాడు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచునే 2014లో దేశపు జట్టున ఆడెను. 2015 ఆరంభమున తన యూరి వృత్తిజట్టు సౌండర్సువారు పిలిచినను పోక, మూడవ యేడు చదువుటకే నిలిచెను. ఆ డిసెంబరులో స్టాన్‌ఫర్డు జాతీయ విజయమునందెను. తుది యాటలో ఈతడు రెండు గోళ్లు చేసెను. మరుసటి మాసమున, అనగా 2016 జనవరిలో, సౌండర్సులో చేరెను. ఆ యేడే ఆ జట్టు సంఘపు కప్పును గెలిచెను. 2018 ఫిబ్రవరిలో ఒక మోకాటి నరము తెగి, ఆ యేడంతయు ఆటకు దూరమయ్యెను. 2021లో ఇంగ్లీషు పోటీలలో స్వాన్సీ జట్టున ఆడుచుండగా మరల మోకాలు చెడెను. రెండు మారులును కోలుకొని మైదానమునకు వచ్చెను.

ఈతడు ఒక యేడు వేచెను. ఆతడు పిలుపు రాగానే పోయెను. వీరిలో ఎవడు వివేకి యని నన్నడిగినచో, ఆ ప్రశ్నయే సరికాదందును. మారిస్ తండ్రి సౌండర్సు జట్టునకే వైద్యుడు. పిలిచిన చేయి మరల పిలుచునను నమ్మకము ఆ యింట నుండుటలో వింత లేదు. చక్రముల యింటి బాలునకు అట్టి నమ్మిక నిచ్చువారెవరు? వేచియుండుట కూడ ఒక యాస్తియే. అది అందరి యిండ్లలో నుండదు. మన యూళ్లలో వర్షాధారపు రైతు పంట కళ్లమునందే అమ్ముకొనును, కొట్టు కలవాడు ధర వచ్చువరకు నిలువ యుంచును. మొదటివాడు తెలివి తక్కువవాడని ఎవ్వరును అనరు.

స్థాలీపులాక న్యాయము ఇచ్చట చెల్లదు. అన్నపు కుండలో ఒక మెతుకు ఉడికినచో అన్నియు ఉడికినట్లే. బంతియాటలో అట్లు కాదు. 2003 నవంబరులో పదునాలుగేండ్ల ఫ్రెడ్డీ ఆడు వృత్తి ఒప్పందము చేసికొన్నప్పుడు దేశమంతయు ఆ పిల్లవానిని పొగడెను. పిదప ఆతడు పోర్చుగలు, ఫ్రాన్సు, గ్రీసు, తుర్కీ, బ్రెజిలు మొదలగు దేశముల జట్లు తిరిగెను గాని తలంచిన యెత్తునకు చేరలేదు. ఇంతకు మారుగ, మాలరీ ప్యూ అను బాలిక 2017 జనవరిలో లాస్ ఏంజెలెసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరి, ఒక్క పోటీయాటయు ఆడకమునుపే ఏప్రిలులో విడిచిపోయెను. పెద్దలు అయ్యో యనియుందురు. 2024 పారిసు ఒలింపిక్సు తుదియాటలో బ్రెజిలుపై అమెరికాకు బంగారము తెచ్చిన ఒకే గోలు ఆమెదే.

ఇక సొమ్ము. 2007లో డేవిడ్ బెక్హాము మేజర్ లీగునకు వచ్చి ఏటికి 65 లక్షల డాలర్లు పొందుచుండగా, అదే సంఘములో క్రింది వరుస యువకుడు 12,900 డాలర్లు పొందుచుండెను. ఆ సొమ్ముతో అచ్చట గది యద్దె చెల్లించి కడుపు నింపుకొనుటయే కష్టము. 2024నాటికి కనిష్ఠ వేతనము 71,401 డాలర్లకు పెరిగినది. పేరు మ్రోగినవారి భవనములను చూచి పిల్లవానిని పంపు తల్లిదండ్రులు ఈ క్రింది వరుసను గూడ చూడవలయును.

మన గృహ్యసూత్రములలో స్నాతకులు మూడు తెరగులని చెప్పబడినది. వేదము ముగించి, వ్రతకాలము ముగియకమునుపే గురుకులము వీడువాడు విద్యాస్నాతకుడు. కాలము నిండినను వేదము ముగియనివాడు వ్రతస్నాతకుడు. రెండును ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. మన పూర్వులు నడుమ వెడలువారిని గుర్తెరుగనివారు కారు. వానికిని ఒక పేరు పెట్టి, ఇంట గౌరవమిచ్చిరి. కాలమును, చదువును రెండును నిండక వెడలిన ఈ యాటగానికి మాత్రము పేరు లేదు. వీడు గెలిచినచో వీరుడందురు. ఓడినచో రెంటికి చెడిన రేవడి యందురు. ఆ రెండవ మాట పిల్లవాని నెత్తిన పెట్టక, మరల బడికి వచ్చు త్రోవను ముందుగ కాగితముపై వ్రాయించుట పెద్దల పని.

ఈ చింత మన నేలకును క్రొత్త కాదు. హైదరాబాదు ఫుట్‌బాలునకు గురువైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిచే బడిపంతులు, ఉస్మానియాలో చదివినవారు. వారు తీర్చిన భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణము గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవదిగ నిలిచినది. వారే శిక్షణ నిచ్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టులో ఆటగాడు పోలీసు కొలువులో నుండి బంతి యాడెను. కాలు చెడినచో కొలువు మిగులునను ఊరట ఆ యింటివారికుండెను. అమెరికా ఒప్పందములోని చదువు సొమ్మును చూచునప్పుడు నాకు ఆ కొలువే తలపునకు వచ్చును.

అమెరికాలో కళాశాలకును జీతపుటాటకును నడుమనున్న పూర్వపు గోడ నేడు పలుచబడినది. వృత్తి ఒప్పందముపై చేవ్రాలు చేసినవాడు కళాశాల జట్టున మరల ఆడరాదని చిరకాలము కట్టడి యుండెను. తరగతిలో కూర్చుండుటకు మాత్రము అడ్డము లేదు. 2021 జూలై 1 నుండి కళాశాల యాటగాడు తన పేరు, రూపము చూపి సొమ్ము గడింపవచ్చుననిరి. 2025 జూలై 1 నుండి విద్యాలయములే ఆటగాండ్రకు సొమ్మీయవచ్చును. అయితే అందలి పెద్ద పాలు చేతి ఫుట్‌బాలునకును, బాస్కెటుబాలునకును పోవుచుండగా, మన కాలిబంతి బాలునకు మిగులునది కొంచెమే. స్త్రీల వృత్తిసంఘము 2024లో తమ ఎంపిక సభనే రద్దు చేసినది. ఆటగత్తె తనకు నచ్చిన జట్టుతో తానే మాటాడుకొనవచ్చును. ఇది నాకు సంతోషము కలిగించిన మార్పు.

నా పూర్వ శిష్యుడొకడు ఆ దేశమున ఇరువదేండ్లుగ నున్నాడు. వాని కుమారుడు కళాశాలలో రెండవ యేడు. ఒక వృత్తిజట్టువారు మాటాడుచున్నారని, “గురువుగారూ, వీని తల్లి భోజనము మానినది, వీడు మాటలు మానినాడు, తాము ఏమి సెలవిత్తురో” యని నాకు వ్రాసెను. పొమ్మనియు, వలదనియు నేను వ్రాయలేదు. “నాయనా, ఒప్పందములో చదువు రుసుమును గూర్చిన వాక్యమేదియో చూచి వ్రాయుము. ఎంత సొమ్ము, ఎన్నియేండ్లలోపల వాడుకొనవలయును, జట్టువారే వానిని తొలగించినచో ఆ సొమ్ము నిలుచునా, మోకాలు చెడినచో వైద్యమెవరిది, ఈ నాలుగును అడుగుము. అడుగునప్పుడు పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుము, వానికి తెలియని షరతుపై వాని చేత చేవ్రాలు చేయింపకుము” అని వ్రాసితిని.

పది దినములకు జాబు వచ్చినది. ఆ ప్రతిలో చదువును గూర్చిన వాక్యమే లేదట. అడుగగా, చేర్చుటకు వీలగునేమో చూతుమనిరట. పిల్లవాడు అంతవరకు తరగతులకు బోవుచున్నాడు. తల్లి భోజనము చేయుచున్నది.