వికారాబాద్ బురదలో మా క్లబ్ డ్రైవ్: బండి బయటికొచ్చింది, బాట మాత్రం పాడైంది

వికారాబాద్ ఆఫ్‌రోడ్ వీడియో ఎప్పుడన్నా అని మీలో చాలామంది అడుగుతున్నారు. సరే, ఇవాళ అదే. కానీ ముందే చెప్తున్నా, బురద ఎగజిమ్మే షాట్ ఇందులో ఒక్కటే ఉంది. అది కూడా ఎందుకు ఉంచానో చెప్పాకే చూపిస్తా.

మాది లాల్ దర్వాజ. మా గల్లీలో ఆల్టో రివర్స్ తీయాలన్నా ఒకరు దిగి వెనకాల నిలబడి "ఆనేదో, ఆనేదో" అనాల్సిందే. అలాంటి చోట థార్ ఎందుకురా అని మా నాన్న ఇప్పటికీ అడుగుతాడు. ఆయనకి నా దగ్గర జవాబు లేదు. ఆదివారం పొద్దున నాలుగున్నరకి చప్పుడు చేయకుండా బండి తీసి, షాలిబండలో ఒక చాయ్ కొట్టి, ఆరాంఘర్ మీదుగా అప్పా జంక్షన్ చేరుకున్నా. క్లబ్ వాళ్లంతా అక్కడ కలిశారు. మొత్తం ఆరు బండ్లు. మూడు థార్‌లు, రెండు జిమ్నీలు, ఒక పాత జిప్సీ. మామూలు జనాలకి జిప్సీ అమ్మకాలు 2019లోనే ఆగిపోయాయి. అయినా ఆ బండి అన్ననే మాకు లీడ్, ఎందుకంటే మా అందరికంటే ఎక్కువసార్లు ఇరుక్కున్నది ఆయనే.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద పెద్ద పెద్ద మర్రి చెట్లు మీరు చూసే ఉంటారు. వాటి కింద నుంచి మన్నెగూడ, అక్కడి నుంచి వికారాబాద్. సిటీ నుంచి దాదాపు 75 కిలోమీటర్లు.

ఇక్కడ ఒక క్లారిటీ. అనంతగిరి రిజర్వ్ ఫారెస్టు. పర్మిషన్ లేకుండా అందులోకి బండి తోలితే కేసు అవుతుంది, అవ్వాలి కూడా. మేము వెళ్లింది అడవి బయట. క్లబ్‌లో ఒకతనికి తెలిసినవాళ్ల భూమి ఉంది. టేకు, మోదుగ చెట్ల మధ్య నుంచి ఒక ట్రాక్, దాని చివర ఊరి బండ్ల బాట. భూమి ఓనర్ని అడిగాం, ఓకే అన్నాడు. బాట సంగతి ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా మాకు తట్టలేదు.

ఇప్పుడు మట్టి గురించి జర ఓపిగ్గా వినండి, అసలు కథ అదే. వికారాబాద్ వైపు కొండల పైన ఎర్రమట్టి, లాటరైట్. దాని కింద బసాల్ట్ రాయి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. ఆ బసాల్ట్ అరిగి అరిగి పల్లంలో నల్లరేగడి అయింది. పైనుంచి దిగుతుంటే ఒకే ట్రాక్‌లో రెండు మట్లూ తగుల్తాయి. ఎర్రమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది, కానీ అడుగున గట్టి నేల దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, టైరుకి పట్టుకుంటుంది, గుబ్బల మధ్య సందుల్లో నిండిపోతుంది. రెండు రౌండ్లు తిరిగేసరికి మీరు వేలకి వేలు పోసి కొన్న మడ్ టైరు బోడి టైరైపోతుంది. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అంటారా? నాలుగు చక్రాలూ కలిసి జారతాయి, అంతే తేడా.

దిగే ముందు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి తగ్గించాం. గాలి తగ్గిస్తే టైరు పరుచుకుంటుంది, బరువు ఎక్కువ నేల మీద పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్‌లో పెట్టి, రెండో గేర్‌లో నెమ్మదిగా. ఎర్రమట్టి దిగుడు అందరం బాగానే దిగాం. నిజం చెప్తున్నా, కిరాక్ ఫీలింగ్. చెట్ల మధ్య మంచు, ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత బండ్ల బాట. రాత్రి వాన పడింది. ట్రాక్టర్లు తొక్కిన గాడిలో నీళ్లు నిలిచాయి. జిప్సీ అన్న అందరినీ దింపి నడిపించాడు. కర్ర గుచ్చి చూసి, "గాడిలోనే పోండ్రి, పక్కకి దిగొద్దు" అన్నాడు. ఐదు బండ్లు అలానే పోయాయి. కష్టపడ్డాయి, కానీ పోయాయి.

నేను ఆఖర్న ఉన్నా. నా ఫ్రెండ్ ముందు కెమెరా పట్టుకుని ఉన్నాడు. ఎడమ పక్క పచ్చగడ్డి, చూడ్డానికి గట్టిగా ఉంది. అటు నుంచి స్పీడుగా వస్తే నీళ్లు బాగా లేస్తాయి, షాట్ బాగుంటుంది అనుకున్నా. పోయినసారి అలాంటి షాట్‌కే నా ఛానెల్‌లో అన్నిటికంటే ఎక్కువ వ్యూస్ వచ్చాయి. అదీ లెక్క. స్టీరింగ్ ఎడమకి తిప్పి యాక్సిలరేటర్ తొక్కా.

షాట్ వచ్చింది. ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తున్నది అదే. సరిగ్గా నాలుగు సెకన్లు. ఐదో సెకన్‌లో బండి పొట్ట మీద కూర్చుంది. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు, నేను చేసిన గుంత నా మోకాలి వరకు ఉంది. చక్రాలు గాల్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి. బుద్ధి లేక ఇంకో రెండు నిమిషాలు తొక్కా. ఇంకా దిగింది.

తొందరలో మా ఫ్రెండు తాడు తెచ్చి ముందున్న జిమ్నీ టో బాల్‌కి, అదే ట్రైలర్ తగిలించే గుండుకి, తగిలించబోయాడు. అన్న అరిచిన అరుపుకి మోదుగ చెట్టు మీద పిట్టలు లేచాయి. ఎందుకంటే, ఆ గుండు ట్రైలర్ లాగడానికి చేసింది, ఇరుక్కున్న బండిని కుదుపుతో లాగడానికి కాదు. కైనెటిక్ తాడు నైలాన్‌ది, రబ్బర్ లాగా సాగి ఒక్కసారి గుంజుతుంది. ఆ గుంజుడుకి గుండు తెగితే అది తూటా. ఆస్ట్రేలియాలో ఇలా మనుషులు చనిపోయారు. తాడు ఎప్పుడైనా ఛాసిస్‌కి బిగించిన రికవరీ హుక్‌కే కట్టాలి, తాడు మధ్యలో బరువైన గోనెసంచో దుప్పటో వేయాలి, తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ నిలబడొద్దు. ఇదొక్కటి మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి ప్లీజ్.

సరిగ్గా కట్టాక కూడా బండి రాలేదు. లాగే బండి కూడా అదే మట్టిలో ఉంది మరి. అప్పుడొచ్చాడు కాక. అరవై దాటి ఉంటాయి. టీవీఎస్ బండికి రెండు పాల క్యాన్లు, ఖాళీవి. మమ్మల్ని చూశాడు, గుంత చూశాడు, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు. ఇరవై నిమిషాల్లో ట్రాక్టర్‌తో వచ్చాడు. గట్టి నేల మీద ట్రాక్టర్ పెట్టి, పొడుగు గొలుసు వేసి, మెల్లగా లాగాడు. కుదుపు లేదు, లొల్లి లేదు. పుచ్చపండులో గింజ తీసినట్టు తీశాడు.

డబ్బులు ఇవ్వబోయాం. తీసుకోలేదు. "పైసలొద్దు బిడ్డా. మీరు సంబురానికి వచ్చిన్రు, మంచిదే. మేము రోజూ పోవాలె గదా, గీ బాట తప్ప ఇంకోటి లేదు. సక్కగ చేసి పోండ్రి" అన్నాడు. తడి మట్టిలో పార వేస్తే పారకే అంటుకుంటోంది. ఎండాక వచ్చి చేస్తాం కాక అన్నాం. ఆయన నవ్వాడు. అలా చెప్పిపోయినవాళ్లని చాలామందిని చూసిన నవ్వు అది.

ఇంటికొచ్చేటప్పుడు నయాపూల్ దాటుతూ కింద మూసీ చూశా. రోజూ చూస్తా, ముక్కు మూసుకుని. ఆ రోజు వేరేలా అనిపించింది. మూసీ పుట్టింది ఆ అనంతగిరి కొండల్లోనే. అక్కడి వాన గండిపేటలోకి వస్తుంది, నిండితే గేట్లు ఎత్తుతారు, నీళ్లు మా పాతబస్తీ పక్క నుంచి పోతాయి. 1908 సెప్టెంబర్ 28 వరద గురించి మన నానమ్మలు వాళ్ల నానమ్మల నుంచి విన్నారు. గండిపేట కట్టిందే ఆ వరద తర్వాత. మొన్న 2025 సెప్టెంబర్ చివర్లో ఎంజీబీఎస్ బస్టాండ్ లోపలికి నీళ్లు రావడం మనమే చూశాం. నా ఒక్క గుంత వల్ల వరద వస్తుందని చెప్పట్లేదు, అంత సీన్ లేదు. కానీ వాలులో టైరు చేసిన గాడి వానకి కాలువ అవుతుంది, ఆ మట్టి కొట్టుకొచ్చి చేరేది మన వైపే.

పది రోజుల తర్వాత నలుగురం వెళ్లాం. ఆరుగురు వస్తామన్నారు, నలుగురం వచ్చాం. పారలు తీసుకెళ్లాం, కానీ నల్లరేగడి ఎండి రాయి అయింది. గడ్డపారలు కాక ఇంట్లోంచే తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన మోచేతికి పెద్ద పొక్కు కట్టి ఉంది. ఏమైంది కాక అంటే, మూడు రోజుల కింద చీకట్లో ముందు చక్రం గాడిలో దిగి పడ్డానని, ఎనిమిది లీటర్లు నేలపాలయ్యాయని మామూలుగా చెప్పాడు. గాడి ఎవరిదో ఆయన అనలేదు. నేనే అన్నా, అది నాదే కాక అని. "ఎరుకే" అన్నాడు.

గడ్డలు పగలగొట్టి, రెండు ట్రాలీల మొరం పోయించి, బండ్లతోనే తొక్కించాం. అయిపోయిందనుకుని చేతులు కడుక్కుంటుంటే కాక మళ్లీ పిలిచాడు. బాట మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండాలట. పక్కన చిన్న కాలువ తీసి నీళ్లకి దారి ఇవ్వకపోతే మొదటి వానకే మొరం పోతుందట. ఇంకో రెండు గంటలు కాలువ తవ్వాం. నా చేతులకి వచ్చిన బొబ్బలు ఇవిగో.

మట్టి పరీక్ష కూడా ఆయన దగ్గరే చూశా. గుప్పెడు మట్టి తీసి అరచేతుల్లో సకినాల పిండిలా పేనాడు. విరగకుండా సన్నటి తీగ వచ్చిందంటే బండి దింపొద్దు, పొడిపొడిగా విరిగితే దింపొచ్చు. మా సివిల్ ఫ్రెండ్‌కి చెప్తే, అరే ఇది ప్లాస్టిక్ లిమిట్ టెస్ట్, ల్యాబ్‌లో 3 మిల్లీమీటర్ల దారం చేసి చూస్తాం అన్నాడు. మార్కుల కోసం చేశాడట, మళ్లీ వాడలేదట.

ఇప్పుడు మా డ్రైవ్ డేట్ ముందే ఫిక్స్ చేయట్లేదు. శనివారం సాయంత్రం కాకకి ఫోన్ చేస్తాం. ఈ వారం "తీగ వస్తున్నది, రావొద్దు" అన్నాడు. అందుకే ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని మీకు ఇది రికార్డ్ చేస్తున్నా.