బోరు తాడుతో కొండ దిగుతావా తమ్ముడూ? ఇంట్లో ఏం చేసుకోవాలి, ఏం కొనాలి

ఈ మధ్య మీలో చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, క్లైంబింగ్ సామాను ఆన్‌లైన్‌లో చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. మన నరసరావుపేట బజార్లో దొరికేవాటితో ఇంట్లోనే చేసుకోలేమా?" అని.

చేసుకోవచ్చు. చాలావరకు చేసుకోవచ్చు. కాకపోతే అన్నీ కాదు. ఏ వస్తువు తీసుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇది తెగితే నాకేమవుతుంది?" తడుస్తాను, చలేస్తుంది, నిద్ర పట్టదు అనేది జవాబైతే హాయిగా ఇంట్లో చేసుకోండి. కింద పడతాను అనేది జవాబైతే కొనాల్సిందే. ఈ రోజు మొత్తం చెప్పేది ఇదే.

ముందు చేసుకోదగ్గవి చూద్దాం.

ఒకటి, టెంటు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే పట్టా మనకి ప్రతి ఊళ్ళో ఉంటుంది. రెండు చెట్ల మధ్య తాడు కట్టి, దాని మీద పట్టా వేసి, నాలుగు మూలలూ లాగి కడితే రాత్రికి గూడు రెడీ. మూలల్లో రింగులు లేకపోతే పట్టాకి చిల్లు పెట్టొద్దు, గాలికి అక్కడి నుంచే చిరుగుతుంది. మూలలో నున్నటి గులకరాయి పెట్టి, పట్టాతో చుట్టి, రాయి మెడ దగ్గర తాడు బిగించండి. గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో మాట. మిరపకాయలు పోసిన పట్టా అయితే ముందు రెండుసార్లు శుభ్రంగా కడిగి ఆరేయండి. లేదంటే తెల్లారేదాకా తుమ్ములే!

రెండు, బ్యాగు. లోపల శుభ్రమైన ప్లాస్టిక్ కవరు వేసుకుంటే ఎంత వాన పడ్డా బట్టలు తడవవు. పట్టీలు ఊడితే మాత్రం మామూలు నూలు దారంతో కుట్టించొద్దు, చెమటకీ తడికీ అది పాడైపోతుంది. బైకు సీటు కవర్లు కుట్టే షాపుకి వెళ్ళండి. అక్కడ గట్టి నైలాన్ దారం ఉంటుంది, మందపు గుడ్డ కుట్టే మిషనూ ఉంటుంది.

మూడు, చాక్ బ్యాగ్. అంటే చేతుల చెమటకి పొడి వేసుకునే సంచి. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక జానెడు కత్తిరించి, లోపల తువ్వాలు గుడ్డ వేసి కుడితే సరిపోతుంది. కానీ పొడి విషయంలో జాగ్రత్త. క్లైంబర్లు వాడేది మెగ్నీషియం కార్బొనేట్. జిమ్నాస్టిక్స్ సామాను అమ్మేచోట దొరుకుతుంది. "పక్కనే పిడుగురాళ్ళ ఉంది, సున్నం చవక" అని మాత్రం అనకండి. సున్నానికి చెమట తగిలితే చర్మం కాలుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

నాలుగు, వేళ్ళ బలానికి హ్యాంగ్‌బోర్డ్. వడ్రంగి దగ్గర మిగిలిన గట్టి చెక్క ముక్క తీసుకుని, 20 మిల్లీమీటర్ల అంచు వదిలి, గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మొదట్లో పాదాలు నేల మీదే ఉంచి, సగం బరువే వేళ్ళ మీద వేయండి.

ఇప్పుడు అసలు విషయం. తాడు.

"అన్నా, బోరు మోటారు తాడు వంద కేజీలు మోస్తుంది, నేను అరవై కేజీలే" అంటారు. లెక్క చూద్దాం. మనం బీటెక్ చదివింది ఇక్కడైనా పనికిరావాలి కదా! మోటారు కదలకుండా వేలాడుతుంది. మనిషి జారతాడు. 60 కేజీల మనిషి 2 మీటర్లు కిందికి పడ్డాక తాడు అతన్ని 20 సెంటీమీటర్లలో ఆపేసింది అనుకోండి. అప్పుడు సగటు బలం దాదాపు 6,600 న్యూటన్లు. అంటే తాడుకి 660 కేజీలు కట్టినట్టు. అదే తాడు సాగి, ఒక మీటరు దూరంలో నెమ్మదిగా ఆపితే ఆ బలం 1,800 న్యూటన్లకి దిగుతుంది. క్లైంబింగ్ తాడుకి డబ్బు కట్టేది ఈ సాగుడు కోసమే. అది మనల్ని మోయడమే కాదు, మెల్లగా ఆపుతుంది. సాగని తాడు తెగకపోయినా మీ నడుము విరుగుతుంది.

పైగా షాపుల్లో రంగురంగుల ప్లాస్టిక్ తాళ్ళలో చాలావరకు పాలీప్రొపిలీన్. ఎండకి పెళుసెక్కుతుంది. రాపిడి వేడికి నైలాన్ కంటే ముందే కరుగుతుంది. మన పల్నాడు ఎండలో ఏడాదంతా డాబా మీద పడున్న తాడుని ఒకసారి చేత్తో నలపండి, పొడి రాలుతుంది. దాన్ని పట్టుకునా కొండ దిగేది?

కొక్కేలూ అంతే. అసలైన క్యారబినర్ మీద అది ఎన్ని కిలోన్యూటన్లు తట్టుకుంటుందో చెక్కి ఉంటుంది. నిలువునా 20 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. నంబరు లేని కొక్కెం తాళంచెవులకి వాడుకోండి. పాత తాడు ఎవరో చవకగా అమ్ముతున్నా కొనొద్దు. అది ఎన్ని పడటాలు చూసిందో మనకి తెలియదు.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. "మన తాటిచెట్టు ఎక్కేవాళ్ళు మోకుతోనే ఎక్కుతున్నారు కదా? నల్లమలలో చెంచులు తాడు పట్టుకుని కొండ అంచుల్లో తేనె తీస్తారు కదా?" నిజమే. వాళ్ళకి దండం పెట్టాలి. ఆ నైపుణ్యం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకింది. తన మోకులో ఏ పోగు అరిగిందో గీత కార్మికుడికి చేత్తో తడిమితే తెలుస్తుంది. అయినా ఏటా ఎంతోమంది చెట్ల మీద నుంచి పడిపోతున్నారు. ఎందుకంటే మోకు జారితే పట్టుకునే రెండోది ఏదీ లేదు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న లష్కర్‌గూడలో గీత కార్మికులకి కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో ఉన్నవి క్లైంబర్లు వాడే సామాన్లే. జీవితమంతా చెట్లెక్కిన మనిషికే రెండో తాడు కావాల్సి వచ్చింది. నిన్న రీల్ చూసి బయల్దేరిన మనకి అక్కర్లేదా?

మన కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలు చూడండి. ఊరోళ్ళు సొంతంగా కట్టుకునేవే. కానీ అంత ఎత్తు ప్రభని ఒక్క తాడు మీద నిలబెట్టరు. చుట్టూ తాళ్ళు, పట్టుకోడానికి మనుషులు. సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ అంటాం చూడండి, అదే. ఒకటి పోతే ఇంకోటి ఉండాలి.

మరి డబ్బుల్లేకపోతే ఏం చేయాలి? తాడు అవసరం లేని చోట మొదలుపెట్టండి. కొండవీడు కోటకి నడవండి. ఎత్తిపోతల దగ్గర మాత్రం అంచులు దిగే సాహసాలు వద్దు, కింద మొసళ్ళున్నాయి. తాడు పని నేర్చుకోవాలంటే శిక్షణ ఇచ్చేచోటికి వెళ్ళండి, సామాను వాళ్ళదే ఉంటుంది. భువనగిరి గుట్ట మీద అలా నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి తనకి 14 ఏళ్ళు కూడా నిండలేదు. గురుకులంలో చదువుకునే పేదింటి పిల్ల. సామాను కొనే స్తోమత లేకపోవడం ఆమెని ఆపలేదు. అలాగని బోరు తాడుతోనూ ఎక్కలేదు.

సో ఫ్రెండ్స్, పట్టా, సంచి, చెక్క మీ ఇష్టం. మీ చేత్తో చేసుకున్నదాంట్లో ఉన్న మజా వేరు. తాడు, హార్నెస్, క్యారబినర్ మాత్రం ముద్ర ఉన్నవే. మీ బ్యాచ్‌లో బోరు తాడు భుజాన వేసుకుని బయల్దేరే ఫ్రెండ్ ఒకడు కచ్చితంగా ఉంటాడు. ఈ వీడియో వాడికి పంపండి. ఉంటా మరి, బై.