టికెట్టు కాడే కొట్లాట



మన దగ్గర పార్టీ టికెట్టు ఎవరికన్నది పైనున్న పెద్దలే తేలుస్తారు. అమెరికాలో ఆ టికెట్టుకే ముందు జనం ఓటేస్తారు. దాన్ని ప్రైమరీ అంటారు.

సెయింట్ లూయిస్ సీటు సంగతి చెప్తాం. అది కాంగ్రెస్ సీటు. కాంగ్రెస్ అంటే అక్కడ పార్టీ కాదు, పార్లమెంటు. 1969 నుంచి తండ్రి బిల్ క్లే, 2001 నుంచి కొడుకు లేసీ క్లే. డెమొక్రటిక్ పార్టీ, నల్లవాళ్ళే. నల్లవాళ్ళకు బ్యాంకులో ఉద్యోగాలియ్యమని 1963లో కొట్లాడి జైలుకు పోయినాడు తండ్రి. ఆ మాట మేం దాచం. అట్లాంటి ఇంటిమీద పోటీకి దిగితే ఏమంటారో మనకు తెల్వదా? "మనోడే గదా, ఊకోండి" అంటారు.

కోరీ బుష్ ఊకోలేదు. ఆమె నర్సు. పిల్లలతో కారులోనే బతికిన రోజులున్నయి. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసు ఒక నల్ల యువకుణ్ణి కాల్చి చంపితే వీధిలోకొచ్చింది. 2018 ప్రైమరీలో ఓడింది. 2020లో మళ్ళీ నిలబడి, సుమారు 3 శాతం తేడాతో లేసీ క్లేను ఓడించింది. 2021లో, అద్దె కట్టలేనోళ్ళను ఇళ్ళలోంచి గెంటొద్దని పార్లమెంటు మెట్లమీదే రాత్రుళ్ళు పడుకుంది. సర్కారు దిగొచ్చి గడువు పొడిగించింది. అదే నెలలో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి.

గాజాలో యుద్ధం ఆపమన్నది. 2024 ప్రైమరీలో ఇజ్రాయెల్ అనుకూల వర్గం ఆమె ఓటమికి 80 లక్షల డాలర్లకు పైగా గుమ్మరించింది. ఓడింది. గెలిచిన వెస్లీ బెల్ కూడా నల్లవాడే. ఆయన కూడా ఫెర్గూసన్ ఉద్యమం తర్వాత పైకొచ్చినవాడే.