కుర్చీ ఇచ్చి కర్తవ్యం తీరిందనుకోవద్దు

(సంగారెడ్డిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా పొరపాటు ఒకటి ఒప్పుకుంటాము. కొన్నేళ్ల క్రితం పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కాంట్రాక్టు కార్మికుడైన ఒక యువకుడు యంత్రంలో చిక్కుకొని మోకాలి దిగువన కాలు కోల్పోయాడు. రంజాన్ మాసంలో జకాత్ సొమ్ము పోగుచేసి అతనికి చక్రాల కుర్చీ కొనిచ్చాము. ఫొటో దిగి, దువా చేసి వచ్చాము. పండుగ తరువాత వెళ్లి చూస్తే ఆ కుర్చీ వరండాలో ఉంది. దానిపై బట్టలు ఆరుతున్నాయి. అద్దె గది గుమ్మం కన్నా కుర్చీయే వెడల్పు. “చాచా, నాకు కూర్చోవడానికి కాదు, నిలబడడానికి ఏదైనా కావాలి” అన్నాడతడు. ఏమి కావాలని మాలో ఒక్కరమూ అతణ్ణి అడగలేదు. జీతం చీటీలో ఈఎస్ఐ నంబరు ఉన్నదని కూడా అప్పుడే చూశాము.

ఈఎస్ఐ దానం కాదు. కార్మికుని వేతనం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం అందులో జమ అవుతాయి. పనిలో జరిగిన ప్రమాదానికి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. శాశ్వత వైకల్యం ఏర్పడితే, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. దానినిబట్టి నెలనెలా భృతి వస్తుంది. కృత్రిమ అవయవమూ ఇస్తారు. కాంట్రాక్టరు చందా కట్టకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమానిది. అయితే ప్రమాదం కాగితం మీదికి ఎక్కాలి. మా యువకుని విషయంలో సకాలంలో నివేదిక వెళ్లనందున ఏడాదికి పైగా తిరగవలసి వచ్చింది. నేడతడు కృత్రిమ కాలుతో నడచి జుమా నమాజుకు వస్తున్నాడు.

2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభై మందికి పైగా అసువులు బాశారు. మృతుల లెక్క పత్రికలకెక్కింది. గాయాలతో ప్రాణం దక్కించుకొని ఇల్లు చేరినవారి బాగోగులు మరునాటి నుంచి ఎవరు అడగాలి? ఇరుగుపొరుగువారమైన మనమే.

ఇక ఇళ్లలోని సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సాధారణంగా 40 శాతం వైకల్యం నిర్ధారణ అయితే 2023లో 4,016 రూపాయలకు పెంచిన పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. కేంద్రం వారి ఎడిప్ పథకంలో వినికిడి యంత్రం, మూడు చక్రాల బండి, కృత్రిమ కాలు వంటివి లభిస్తాయి. అన్నింటికీ తొలిమెట్టు ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు. “కార్డు తీస్తే నలుగురికీ తెలుస్తుంది, పెద్దమ్మాయి పెళ్లి ఆగిపోతుంది” అన్న తల్లులను మేము చూశాము. ఆ భయం మనం పెట్టినదే. ఆ తల్లిని నిందించి లాభం లేదు. కానీ పుట్టుచెవుడు గల బిడ్డకు ఎడిప్ కింద కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చేది ఐదేళ్లలోపే. దాచిన ప్రతి సంవత్సరం ఆ బిడ్డ మాటను దోచుకుంటుంది.

అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ మదీనాలో అజాన్ పలికేవారు. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనా బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. ఆయనకు దక్కింది జాలి కాదు, బాధ్యత. మరి మన మస్జిద్ మెట్ల పక్కన ర్యాంపు ఉన్నదా? వుజూ చేసేచోట పట్టుకోవడానికి ఒక కడ్డీ అయినా ఉన్నదా?

కాబట్టి ప్రతి మస్జిద్ కమిటీకి మా మనవి మూడు మాటలు. మొహల్లాలో వైకల్యం గలవారి ఇళ్లకు వెళ్లి వారి అవసరమేమిటో వారినే అడగండి. కార్డు, ఈఎస్ఐ కాగితాల కోసం చదువుకున్న ఇద్దరు యువకులను తోడు పంపండి. జకాత్ సొమ్మును అర్హులకే, హక్కుగా రావలసినది వచ్చేలోపు దారిఖర్చులకు, ఇచ్చిన పరికరం మరమ్మతుకు వినియోగించండి. మేము ఒక కుర్చీ ఇచ్చి నేర్చుకున్న పాఠం ఇది. మీరు కుర్చీ కొనకముందే నేర్చుకోవాలని మా కోరిక.